కార్చిచ్చు దినవార్త

అమెరికా సంయుక్తరాష్ట్రముల జాతీయోద్యానములలో రేంజరు పని చేయువారు వేసవి ప్రవేశించినది మొదలు మంచు కురియువరకును ప్రతిదినము ప్రాతఃకాలమున తప్పక చదువుకొను పత్రమొకటి గలదు. నిన్న దేశమున క్రొత్తగా పుట్టిన మంటలెన్ని, వానిలో పెద్దవెన్ని, ఏ మంట ఎన్ని యెకరముల మేర వ్యాపించినది, దాని చుట్టు నేల గీకి యేర్పరచిన అగ్నిరేఖ నూటికెంత పూర్తియైనది, అచట నియుక్తులైన మనుష్యులెందరు, హెలికాప్టర్లెన్ని, కాలిన యిండ్లెన్ని, ఇంతవరకైన వ్యయమెంత అను వివరములు అందు పట్టికలుగా నుండును. ఐడహో రాష్ట్రమునందలి బోయిసీ నగరమున నున్న జాతీయ సమన్వయ కేంద్రము దీనిని వెలువరించును. పత్రము మొదటనే 1 మొదలు 5 వరకు గల యంకెలలో నొకటి కనబడును. 1 అనిన దేశము ప్రశాంతముగ నున్నదనియు, 5 అనిన దేశమునందలి దళములును యంత్రములును ఇంచుమించుగ సంపూర్ణముగ వినియోగమందున్నవనియు దాని తాత్పర్యము. దీనికి తోడు ఆయా యుద్యానమున ఆనాటి గాలి యెటనుండి యెంత వేగముతో వీచును, గాలిలో తేమ యెంత, ఎండుకట్టెలలో మిగిలిన తడి యెంత, పిడుగులు పడు సూచనలు గలవా యను స్థానికవార్తయు వచ్చును.

కార్చిచ్చులతో మానవుడు చేసిన పోరాటమును వర్ణించువారు సాధారణముగ గొడ్డళ్లను గూర్చియు, గుఱ్ఱములను గూర్చియు, ఆకాశమునుండి దుమికిన వీరులను గూర్చియు వ్రాయుదురు. ఆ వీరులయెడ నాకును భక్తి కలదు. కాని యీ నూటనలుబది యేండ్ల వృత్తాంతమును పరికించినకొలది, మంటకంటె మంటయొక్క వార్త ముందుగా పరుగెత్తవలెనని మనుష్యులు చేసిన దీర్ఘప్రయత్నమే దీనికంతకును వెన్నెముకయని నాకు దృఢముగ తోచుచున్నది.

యెల్లోస్టోన్ 1872 మార్చి 1వ తేదీన జాతీయోద్యానముగ ప్రకటింపబడినను, తరువాతి పదునాలుగేండ్లును దానికి కావలి నామమాత్రమే. 1886 ఆగస్టులో కెప్టెను మోజెస్ హారిస్ తన అశ్వికదళముతో అందు ప్రవేశించి పరిపాలనము చేకొనునప్పటికే అడవి పలుచోట్ల మండుచుండెను. సైనికులు తుపాకులను ప్రక్కనబెట్టి పారలు, నీళ్ల బొక్కెనలు చేతబట్టిరి. ఆ దేశమున ప్రభుత్వోద్యోగులు ప్రభుత్వభూమిపై కార్చిచ్చును ఆర్పుటకు పూనుకొనుట అదియే మొదలని చరిత్రకారులు చెప్పుదురు. వారికి మంటను గూర్చి తెలియుటకు మార్గమొక్కటే: గుఱ్ఱముమీద గస్తు తిరుగు సిపాయి కొండమలుపున పొగ చూచి, వెనుదిరిగి శిబిరమునకు పరుగు తీయవలెను. అతడు వచ్చి చెప్పి, వీరు పోయి చేరులోపల పూటలు గడచిపోవుచుండెను. అందుచేత హారిస్ తెలివిగా మంట పుట్టకముందే జాగ్రత్తపడజూచి, యాత్రికులు విడిది చేసి వండుకొను తావులలో నిప్పులు పూర్తిగా ఆర్పిరో లేదో పరీక్షించుటకు మనుష్యులను నియమించెను.

ఇచట మన దేశమునకు సంబంధించిన యొక యంశమును చెప్పక దాటిపోజాలను. 1864లో భారతదేశపు అటవీశాఖకు ప్రథమ ఇన్స్పెక్టరు జనరలుగా నియుక్తుడైన డీట్రిక్ బ్రాండిస్ అను జర్మను పండితుడు అడవిని అగ్నినుండి రక్షించుటను తన శాఖకు ముఖ్యధర్మములలో నొకటిగ స్థాపించెను. మధ్యపరగణాలలో బోరీ అడవియందు కర్నలు పియర్సన్ అగ్నిరేఖలు వేయించి, వేసవిలో నిప్పు చొరబడకుండ కాపాడుట శక్యమేయని నిరూపించినప్పుడు బ్రాండిస్ దానిని ఎల్లరకును ఉదాహరణముగ చూపుచుండెను. ఆయన మద్రాసు రాజధానికి వచ్చి సలహా చెప్పిన దినములలోనే 1882 మద్రాసు అటవీ చట్టము పుట్టినది. మన కడప, కర్నూలు, నెల్లూరు మండలముల రిజర్వు అడవులలో నిప్పు పెట్టుట నేరమైనది ఆ చట్టము వలననే. బ్రాండిస్ ఉద్యోగము విరమించి స్వదేశమున బాన్ నగరమందుండగా ఒక అమెరికా యువకుడు శిష్యుడై ఆయనను ఆశ్రయించెను. ఆ యువకుడే గిఫర్డ్ పించో. 1905లో అమెరికా ఫారెస్టు సర్వీసు ఏర్పడినప్పుడు దానికి మొదటి యధిపతి. అడవిలో అగ్ని యనునది సర్వవిధముల నిరోధింపదగినదన్న దీక్ష గురువునుండి శిష్యునకు సంక్రమించినది. పూర్వమునుండి అడవులలో నివసించు జనులు, ఆ దేశపు ఆదిమజాతులును, మన కొండరెడ్లు మొదలగువారును, తగు ఋతువున చిన్న నిప్పు పెట్టి పెద్ద నిప్పును తప్పించుకొను విద్య నెఱిగియుండిరన్న మాట ఆ దీక్షాపరుల చెవికెక్కలేదు. ఆ చెవిటితనమునకు మూల్యము తరువాతి తరములవారు చెల్లించిరి.

1910వ సంవత్సరము ఆ క్రొత్తశాఖకు అగ్నిపరీక్ష. ఐడహో, మాంటానా, వాషింగ్టన్ రాష్ట్రముల సరిహద్దులలోని పర్వతారణ్యములు ఆ వేసవి వానలు లేక ఎండిపోయినవి. పిడుగులచేతను, రైలింజనుల నిప్పురవ్వలచేతను వందలకొలది చిన్న మంటలు అంటుకొన్నవి. రేంజర్లు గనిపనివారిని, కూలీలను, చివరకు సైనికులను గూర్చుకొని కొండలలో అక్కడక్కడ గుంపులుగా పనిచేయుచుండిరి. ఆగస్టు 20వ తేదీ సాయంకాలము ఝంఝామారుతము లేచి, ఆ చిన్న మంటలన్నియు ఏకమై, రెండు దినములలో ఇంచుమించు 30 లక్షల యెకరముల అడవిని దహించివేసెను. 85 మందికి తక్కువ కాకుండ మరణించిరి. వారిలో అధికులు మంటలార్పుటకు పోయినవారే. గాలి రానున్నదని వారికి చెప్పినవారు లేరు. లోయలో నొక గుంపు పనిచేయుచుండ, శిఖరమునకు ఆవలివైపు ఏమగుచున్నదో తెలుపుటకు సాధనమే లేకుండెను.

వాలేస్ పట్టణమునకు సమీపమున ఎడ్ పులాస్కీ యను రేంజరు సుమారు 45 మందిని వెంటబెట్టుకొని, మంటలు చుట్టుముట్టుచుండగా, ఆ కొండలలో తనకు చిరపరిచితమైన యొక పాతగని సొరంగములోనికి వారిని నడపించెను. లోపల పొగకు తాళజాలక బయటికి పరుగిడబోయినవారిని ద్వారమున పిస్తోలు పట్టుకొని నిలిచి ఆపెను. ద్వారమునకు దుప్పట్లు కట్టి, సొరంగములోని నీటితో తడుపుచు, తుదకు తానును స్పృహతప్పి పడెను. కొందరు మరణించిరి, తక్కినవారందరును బ్రతికి బయటపడిరి. అతని కన్నులును ఊపిరితిత్తులును చెడినవి. ఒక వైపు గొడ్డలియు రెండవ వైపు గుద్దలియు గల పనిముట్టును రూపుదిద్ది ప్రచారమునకు తెచ్చినవాడితడే. నేటికిని ప్రతి యగ్నిదళమునందును దానిని పులాస్కీ యనియే పిలుచుచున్నారు. ఆ సొరంగముండు చోటు తెలిసినవాడొక్కడు ఆ గుంపులో ఉండుటచేత వారు బ్రతికిరి. తెలిసినవాడు లేని గుంపులు అనేకములుండెను.

ఈ మహాదహనము తరువాత అడవులకు కన్నులును చెవులును అమర్చు యుగము వచ్చినది. శిఖరాగ్రములపై కావలి మంచెలు వెలసినవి. మంచె యనగనే మన పాఠకునకు జొన్నచేనిలో ఒడిసెల పట్టి పిట్టలను తోలు కాపరి జ్ఞప్తికి వచ్చును. ఈ మంచెయు ధర్మమున దానికి తోబుట్టువే కాని, దీని చేను కనుచూపుమేర వ్యాపించిన పర్వతశ్రేణి. పదునాలుగడుగుల చదరపు గది. నాలుగు ప్రక్కలను అద్దపు కిటికీలు. ఒక మంచము, ఒక పొయ్యి, గోడకు టెలిఫోను. కప్పుమీద పిడుగును నేలకు దింపు రాగితీగ. గది నడుమ పీఠముపై ఆస్బర్న్ అను వనాధికారి 1910 దశకమున కల్పించిన యంత్రము. ఇది గుండ్రని ఫలకము. దానిమీద ఆ ప్రాంతపు పటము అతికింపబడియుండును. పటమునకు సరిగా మధ్యబిందువున ఆ మంచె యుండును. చుట్టును డిగ్రీలు చెక్కిన ఉంగరము తిరుగుచుండును. ఉంగరమున కొకవైపు సన్నని రంధ్రము, ఎదుటివైపు నిలువుగా బిగించిన గుఱ్ఱపు వెండ్రుక. రంధ్రమున కన్ను పెట్టి, వెండ్రుక పొగమొదటికి సరిపడునట్లు త్రిప్పి, ఎన్ని డిగ్రీలో చదివిన చాలును, దిక్కు తెలిసిపోయెను. మరియొక శిఖరమునుండి ఇంకొక కాపరి అదే పొగను చూచి తన డిగ్రీలు చెప్పినచో, కచేరీలో పటముపై రెండు దారములు లాగుదురు; అవి యెచట ఒకదానినొకటి ఖండించునో అచట మంట.

చూచినంతమాత్రమున చాలదు, చూచినదేమో తెలియవలెను. తెల్లని సన్నని పొగయా, తారువంటి నల్లపొగయా, నిలువుగా లేచుచున్నదా, ఒక వైపునకు వాలుచున్నదా యను భేదములనుబట్టి క్రింద మండుచున్నది గడ్డియో, జిగురుగల దేవదారువో, అచట గాలి యెట్లున్నదో ఊహింపవలెను. వాన వెలిసిన తరువాత లోయలనుండి పైకి లేచు ఆవిరిపోగులు అచ్చముగా పొగవలెనే యుండి క్రొత్తవారిని భ్రమింపజేయును. పిడుగులు పడునప్పుడు కాపరి గాజుకోళ్లు తొడిగిన చిన్నపీటపై నెక్కి, ఆ పిడుగు లేయే గుట్టలపై పడుచున్నవో గుర్తువ్రాసికొనుచుండవలెను. ఏలయనగా పిడుగుపడిన మ్రాను ఒకటి రెండు దినములు లోలోపల రగిలి తరువాత మండుటయు కలదు.

కాలిఫోర్నియాలో క్లామత్ అడవియందలి ఎడ్డీ గల్చ్ మంచెకు 1913లో హాలీ డాగెట్ అను స్త్రీ నియమింపబడినప్పుడు, ఒంటరిగా కొండమీద ఆడుది నిలువగలదా యని సందేహించినవారుండిరి. ఫారెస్టు సర్వీసున మంచె కావలికి వచ్చిన మొదటి స్త్రీ యామె. మొదటి వేసవిలోనే సుమారు 40 మంటలను కనిపెట్టి క్రిందికి వార్త పంపి, తరువాత అనేక వత్సరములు ఆ కొండమీదనే కావలి కాచెను. చెట్టునుండి చెట్టునకు వదులుగా వ్రేలాడగట్టిన ఒంటి ఇనుపతీగ, దానికి మారుతీగగా భూమియే. ఇది ఆమె టెలిఫోను. చెట్టు విరిగి మీద పడినను తెగకుండుటకే ఆ వదులు. ఒకే తీగపై పలు తావులుండుటచేత ఒక్కొక్క తావునకు పొడుగు, పొట్టి గంటల సంకేతము వేరుగా నుండెడిది. కాని యెవ్వరికి గంట మ్రోగినను అందరును వినువారే. ప్రతి సాయంకాలమును అన్ని మంచెలవారును ఆ తీగమీద వరుసగా తమ క్షేమమును, తాము చూచినదానిని చెప్పుట వాడుకయైనది. ఆనాటి వార్తను ఆనాడే క్రమముగ ఒకచోట చేర్చు ఆచారమునకు, నేటి దినవార్తకు, పుట్టుక యిచటనే యని నా నమ్మకము.

ఇంతవరకు వార్త యనగా పుట్టిన మంటను గూర్చిన వార్త. పుట్టబోవు మంటను గూర్చి ముందుగా చెప్పవచ్చునన్న భావము ఐడహోలోని ప్రీస్ట్ రివర్ ప్రయోగాటవిలో పనిచేసిన హారీ గిస్బోర్న్ తపఃఫలము. అతని యుపాయము అతిసరళము. అరయంగుళము మందముగల దేవదారు పుల్లలను జతచేసి, బాగుగా ఎండబెట్టినప్పుడు సరిగా 100 గ్రాములు తూగునట్లు కోసి, అడవిలో నేలకు కొంచెమెత్తున బద్దలపై ఆరుబయట నుంచుదురు. ప్రతిదినము పోయి తూచవలెను. 108 గ్రాములు తూగిన కట్టెలలో తేమ నూటికి 8 వంతులు. 104 తూగిన 4 వంతులు. అనగా అడవి అగ్గిపుల్లకై ఎదురుచూచుచున్నదన్నమాట. ఈ తేమకు గాలివేగమును, గాలిలోని ఆర్ద్రతను, ఋతువును జతపరచి, కెమెరాలవారు వెలుతురును లెక్కించుటకు వాడు అట్టముక్కవంటి దానిపై అమర్చి, జేబులో పట్టునంతటి ప్రమాదసూచికను 1930 దశకమున అతడు నిర్మించెను. రేంజరు దానిని జరిపి చూచి, ఈ దినము మంచెలపై ఎందరుండవలెను, దళములు ఎచట సిద్ధముగ నుండవలెను అని నిర్ణయించుకొనగలిగెను. ఉద్యానముల ద్వారములకడ నేడు యాత్రికులకు కనబడు రంగురంగుల ప్రమాదఫలకములు ఆ అట్టముక్క సంతానమే.

1935లో ఫారెస్టు సర్వీసు అధిపతి ఫెర్డినాండ్ సిల్కాక్స్ ఒక శాసనము చేసెను: మంట వార్త అందిన మరునాటి యుదయము పది గంటలలోపల దానిని వశపరచుకొనవలెను, కానిచో ఆ మరునాటి పది గంటలకు. నిరుద్యోగ యువకులకై నెలకొల్పిన సి.సి.సి. దళములు అదే కాలమున వందలకొలది మంచెలు కట్టి, వేలకొలది మైళ్ల టెలిఫోను తీగలు లాగినవి. 1940 జూలై 12న రూఫస్ రాబిన్సన్, ఎర్ల్ కూలీ అను నిరువురు విమానమునుండి పారాచూటులతో దుమికి మొదటిసారిగా మంటను చేరిరి. మనుష్యుడు ఇప్పుడు వార్తతోపాటు తానును ఎగిరిపోగలవాడయ్యెను.

ఆ యుత్సాహమునకు 1949 ఆగస్టు 5న మాంటానాలోని మాన్ గల్చ్ లోయలో గట్టి దెబ్బ తగిలినది. పదునైదుగురు దుమికిరి. విమానమునుండి వేసిన రేడియో పెట్టెకు కట్టిన పారాచూటు విచ్చుకొనలేదు. పెట్టె నేలపై పడి తుత్తునియలైపోయెను. ఆ క్షణముతో ఆ గుంపునకు లోకముతో సంబంధము తెగిపోయినది. క్రిందినుండి వచ్చిన రక్షకుడొకడు వారితో కలిసెను. లోయ దిగుచుండగా మంట ముందుగానే లోయకు అడ్డముగ దాటి, ఎండిన గడ్డిలో కొండ నెక్కుచు వారిని తరిమెను. నాయకుడైన వాగ్నర్ డాడ్జ్ పరుగు ఆపి, అగ్గిపుల్ల గీచి తన ముందరి గడ్డికే నిప్పంటించి, కాలిన ఆ బూడిదలో పడుకొండని తోడివారిని పిలిచెను. ఎవరును ఆ మాటను అర్థము చేసికొనలేదు. అతడు బూడిదలో బోరగిల పడుకొని బ్రతికెను. మరి యిద్దరు రాతిచీలికలోనుండి దాటి బయటపడిరి. 13 మంది మరణించిరి. అంతకుముందెన్నడును వినని యుపాయమును ప్రాణము పోవువేళ విని నమ్ముమనిన నెవరు నమ్మగలరు? ఆ యేటి నవంబరులో మంట నడకను పరిశీలించుటకై ఆ కొండ నెక్కిన గిస్బోర్న్ గుండెపోటుచే అచటనే మరణించెను.

అటుపిమ్మట మరికొన్ని దుర్ఘటనలు జరిగి, 1957లో అగ్నిదళములకు పది శాశ్వతాజ్ఞలు విధింపబడెను. వానిలో మొదటిది ధైర్యమును గూర్చినది కాదు, పనిముట్లను గూర్చినదియు కాదు. వాతావరణ సమాచారమును ఎప్పటికప్పుడు తెలిసికొనుచుండవలెనన్నది. ఆ వరుసను నిర్ణయించినవారు మృతుల వృత్తాంతములను చదివి తలపండినవారని వేరుగా చెప్పనక్కరలేదు.

1965లో ఫారెస్టు సర్వీసు, భూమి నిర్వహణశాఖ, వాతావరణశాఖ కలిసి బోయిసీలో ఒక సంయుక్త కేంద్రమును స్థాపించినవి; జాతీయోద్యానశాఖయు 1970 దశకమున అందు చేరెను. పూర్వము ఏ యడవి మంట ఆ యడవిదే. ఇప్పుడు కాలిఫోర్నియాలోని దళమును మాంటానాకు పంపవలెననిన, ఎచట నెంత మండుచున్నదో ఒకచోట కూర్చున్నవారికి తెలిసితీరవలెను. రాత్రి నివేదికలు వ్రాసి పంపుట, తెల్లవారునప్పటికి వానిని గుదిగ్రుచ్చి దేశమంతటికి చదివి వినిపించుట అను పద్ధతి ఈ యవసరము వలన స్థిరపడినది.

ఈలోపున ఉద్యానశాఖవారి మనస్సులో గొప్ప మార్పు వచ్చెను. 1963లో స్టార్కర్ లియోపోల్డ్ అధ్యక్షతను వెలువడిన నివేదికయు, దానిని అనుసరించి 1968లో మారిన విధానమును, పిడుగువలన పుట్టిన అగ్ని అడవికి శత్రువు కాదనియు, కొన్ని చెట్ల విత్తనములు నిప్పు తాకిననేకాని విచ్చుకొనవనియు అంగీకరించినవి. నాటినుండి రేంజరు పని పదిరెట్లు కఠినమైనది. అన్ని మంటలను ఆర్పుమన్నప్పుడు వార్తయొక్క ప్రయోజనము ఎచట నున్నదో తెలుపుటతో తీరెను. దేనిని మండనిచ్చుట, దేనిని ఆర్పుట యని ప్రతి యుదయమును తేల్చుకొనవలసివచ్చినప్పుడు అదే వార్త న్యాయాధిపతి యెదుటి సాక్ష్యమువంటి దయ్యెను.

ఆ సాక్ష్యము ఎంత చంచలమైనదో 1988లో యెల్లోస్టోన్ నిరూపించెను. ఆ వసంతమున వానలు సాధారణముకంటె మిక్కుటముగనే కురిసినవి. పిడుగుమంటలను యథావిధిగా మండనిచ్చిరి. జూన్ మొదలు వాన చుక్క కఱువైనది. గడ్డిలోను సన్నకొమ్మలలోను తేమ నూటికి 2, 3 వంతులకు దిగెను. బట్టీలో ఆరబెట్టిన కలపలో సహితము ఇంతకంటె తేమ యుండును. జూలై 21న అన్ని మంటలను ఆర్పవలెనని నిర్ణయించిరి. మరునాడే ఉద్యానపు ఎల్లకు వెలుపల ఒక కట్టెలు కొట్టువాని సిగరెట్టునుండి నార్త్ ఫోర్క్ అను మంట పుట్టి తక్కిన వానినన్నిటిని మించిపోయెను. ఆగస్టు మొదట దేశమందలి అగ్నిశాస్త్రజ్ఞులు సమావేశమై, మంటలు అత్యధికముగ ఎంతదూరము పోగలవో పటములపై గీచిరి. ఆగస్టు 20న, 1910నాటి మహాదహనము సరిగా అదే తేదీన సంభవించినదని గమనింపవలెను, ప్రచండవాయువు వీచి ఒక్కదినమున 1,50,000 యెకరములకు పైగా కాలెను. పండితులు గీచిన గీతలను మంటలు దాటిపోయినవి. ఉదయమున చదివిన అంకెలు మధ్యాహ్నమునకు కాలదోషము పట్టిపోవుచుండెను.

సెప్టెంబరు 7న మంట ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీటి బుగ్గదగ్గరనున్న పురాతనమైన దుంగల సత్రమును సమీపించెను. నిప్పుకణికలు వడగండ్లవలె కురియుచుండగా కప్పును నీటితో తడుపుచు దానిని కాపాడిరి. ఆ వేసవి మొత్తముమీద సుమారు 25,000 మంది పనిచేసిరి. 12 కోట్ల డాలర్లు వ్యయమైనవి. తుదకు మంటలను అణచినది సెప్టెంబరు 11న పడిన అంగుళములో నాల్గవవంతు మంచు. ఉద్యానములో 7,93,880 యెకరములు, అనగా నూటికి 36 వంతులు, కాలినవని తరువాత లెక్కతేలినది. మొదట చెప్పిన లెక్క ఇంతకంటె చాల హెచ్చు. కారణమేమన, దినవార్తలోని యెకరముల సంఖ్య మంటయొక్క బాహ్యపరిధిని తెలుపును. ఆ పరిధిలోపల కాలక పచ్చగా మిగిలిన అడవి దీవులవలె నెంతయైన నుండవచ్చును. రేంజరు దీనిని ఎఱిగి చదువును. పత్రికలవారు ఎఱుగక, యెల్లోస్టోన్ సర్వనాశమైనదని లోకమునకు చాటిరి. మరుసటి వసంతమున బూడిదలో పూచిన పూవులను చూపుచు రేంజర్లు ఆ యపప్రథను తుడుచుటకు బహుకాలము శ్రమింపవలసివచ్చెను.

మంచెలలో పెక్కు నేడు నిర్మానుష్యములు. భూమిని చుట్టు ఉపగ్రహములు వేడిమిని పసిగట్టి వార్త పంపుచున్నవి. మన దేశముననుగూడ డెహ్రాడూనులోని ఫారెస్టు సర్వే సంస్థ 2004 నుండి ఉపగ్రహ సహాయమున మంటలను కనిపెట్టి రాష్ట్రముల అటవీశాఖలకు తెలుపుచున్నది. ఫిబ్రవరి దాటి నల్లమలలో బోదగడ్డి ఎండి, వెదురుపొదలు గలగలమనుచు, తునికాకునకై, ఇప్పపువ్వునకై జనులు అడవిలో తిరుగు దినములు వచ్చినవనిన, ఆ హెచ్చరికలు బీటు అధికారి ఫోనునకు రాసాగును. అచటనుండి మంటదాక సాగవలసిన వార్తకు దారి పాతదే: ఫోను పలుకని లోయలో, దారి తెలిసిన చెంచు వాచరు కాలినడకన పోయి, పచ్చికొమ్మ విరిచి చేతబట్టవలెను. ఉపగ్రహము చూచినంతమాత్రమున మంట ఆరదన్నది ఆ వాచర్లకు తెలిసినంతగా మరియెవ్వరికిని తెలియదు. వారి కూలి సకాలమున అందునట్లు చూచుట యంత్రములు కొనుటకంటె తక్కువ పని కాదని నా నిశ్చితాభిప్రాయము.

పై నుండి క్రిందికి దిగు ఈ చివరిమెట్టు కొలరాడోలో 1994 జూలై 6న విరిగినది. స్టార్మ్ కింగ్ పర్వతముపై, నాలుగు దినములకు పూర్వము పిడుగువలన పుట్టిన యల్పమైన మంటను ఆర్పుటకు దళములు ఏటవాలున ఓక్ పొదల నడుమ అగ్నిరేఖను నరకుచుండిరి. ఆ మధ్యాహ్నము శీతలవాయుముఖము వచ్చి గాలి తీవ్రమగునని వాతావరణశాఖవారు ముందే గుర్తించి, అత్యున్నతమైన హెచ్చరికను ప్రకటించియుండిరి. ఆ హెచ్చరిక కచేరీలకు అందెను. కొండమీద పనిచేయుచున్న దళములకు అందలేదు. సాయంకాలము నాలుగు గంటల ప్రాంతమున మంట లోయక్రిందినుండి దూకి, పొదలమీదుగా శిఖరమునకు ఎగబ్రాకి, 14 మందిని బలిగొనెను. వారు శిక్షితులు, దృఢకాయులు. 1910లో పులాస్కీ తోడివారికి గాలివార్త లేదనిన అర్థము చేసికొనవచ్చును. ఇచట వార్త వ్రాయబడి, ముద్రింపబడి, బల్లపై నుండెను. విచారణసంఘము నివేదికలో నన్ను అన్నిటికంటె కలతపెట్టునది ఈ విషయమే.

అటుతరువాత నియమములు బిగుసుకొనినవి. పెద్దమంటలయొద్దకు వాతావరణ నిపుణుడొకడు తానే తరలివచ్చి, శిబిరముననే యుండి, బెలూనులు ఎగురవేసి గాలిని కొలుచును. తెల్లవారుజామున దళనాయకులందరును ఒకచోట నిలుచుండగా ఆనాటి పటములు పంచి, వాతావరణమును, మంట నడకను, తప్పించుకొను దారులను, సురక్షితస్థలములను చదివి వినిపింతురు. అది వినని దళము కొండ నెక్కరాదు. మధ్యాహ్నమున రేడియోలో సూచన తిరిగి చదువుదురు. గాలి మారునను హెచ్చరిక వచ్చినప్పుడు దానిని చదివి ఊరకుండరు. ఒక్కొక్క దళమును పేరుపెట్టి పిలిచి, విన్నామని వారు బదులు చెప్పువరకు ఆగి, ఆ బదులు వచ్చిన వేళను పుస్తకములో వ్రాసికొందురు. బదులు రాని దళముకొఱకు మనిషిని పంపుదురు.